వెనక వెన్నెల, ముందు వడదెబ్బ!

ఈ మధ్య కార్లకి కూడా నగలు చేయించడం మొదలైంది. మెడలోకి కాదు లెండి, వీపుకి!

నమ్మకం లేకపోతే ఒక సాయంత్రం గచ్చిబౌలి నుంచి శంషాబాద్ విమానాశ్రయం వైపు అవుటర్ రింగు రోడ్డు మీద వెళుతూ చూడండి. కోటి రూపాయలు దాటిన కారు ఏదైనా మీ ముందు పోతూంటే దాని వెనక దీపాలకేసి ఓసారి చూడండి. కొన్నిటికి కుంకుమరంగు పట్టుగుడ్డని ముక్కలుగా కత్తిరించి అంటించినట్టుంటుంది. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకే వెలుగు. మధ్యలో చుక్క లేదు, తళుకు లేదు, కంట్లో గుచ్చుకోవడం అసలే లేదు. ఎంతసేపు దాని వెనకే పోయినా విసుగనిపించదు. ఆ దీపం పేరు ఓఎల్‌ఈడీ.

ఇంత చక్కటి దీపాన్ని చూసి సంతోషించక నీకీ కోపమెందుకమ్మా అంటారేమో. నా కోపం దీపం మీద కాదు. దాన్ని ఎవరికోసం పెట్టారు అన్నదాని మీద.

ముందు ఆ దీపం సంగతి కాస్త చెప్పుకుందాం. ఓఎల్‌ఈడీలో మొదటి అక్షరం ఆర్గానిక్. ఆ మాట వినగానే మన ఆడవాళ్ళకి మందులు కొట్టని వంకాయలూ, రెట్టింపు ధర కందిపప్పూ గుర్తుకొస్తాయి. ఇది ఆ ఆర్గానిక్ కాదు. కర్బన రసాయనాలన్నమాట. మామూలు ఎల్‌ఈడీ ఆవగింజంత వుంటుంది. వెలుగంతా ఆ గింజలోంచే ఎగజిమ్ముతుంది. దాన్ని నలుగురికీ పంచడానికి అద్దాలూ, గిన్నెలూ, గాజు కడ్డీలూ కావాలి. ఓఎల్‌ఈడీ అలా కాదు. పెనం మీద పల్చగా అట్టు పరిచినట్టు, కరెంటు పారే రెండు పొరల మధ్య కర్బన పదార్థాన్ని పరుస్తారు. తల వెంట్రుక మందంలో వందో వంతు కూడా వుండదు. కరెంటు పారిందంటే అట్టంతా వెలుగుతుంది. ఆవగింజకీ అట్టుకీ వున్న తేడాయే ఈ రెండు దీపాలకీ వున్న తేడా.

దీనికి పరమ శత్రువు చెమ్మ. వానాకాలంలో వడియాల డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో మనకి తెలుసుగా, దీనికీ అదే గతి. కొంచెం తేమా గాలీ సోకితే చాలు, నల్లమచ్చలు పడి పాడైపోతుంది. అందుకని గాజు పలకల మధ్య బిగించి, గాలి చొరకుండా మూసేస్తారు. ఖరీదంతా ఆ జాగ్రత్తలోనే చాలా వుంది.

కనిపెట్టింది కార్లవాళ్ళు కాదు. మన పెళ్ళి ఫోటోల కోడాక్ కంపెనీ! అమెరికాలో రోచెస్టర్ అనే వూళ్ళో, ఆ కంపెనీ ప్రయోగశాలలో, హాంకాంగ్‌లో పుట్టిన చింగ్ టాంగ్, ఆయన సహోద్యోగి స్టీవెన్ వాన్ స్లైక్ కలిసి 1987లో పది వోల్టుల లోపు కరెంటుతోనే పచ్చగా వెలిగే పల్చటి పొరల సంగతి లోకానికి చెప్పారు. తీరా కోడాక్ వారేమో 2009లో ఆ విద్యని ఎల్‌జీ కంపెనీకి అమ్మేసుకున్నారు. ఇంట్లో పిల్ల గొప్పతనం ఇంట్లోవాళ్ళకి తెలియకపోవడం మనకే అనుకుంటాం, కంపెనీలకీ వుంటుంది. ఆ కోడాక్‌లో పనిచేసినవాళ్ళే కొందరు అదే వూళ్ళో ఓఎల్‌ఈడీ వర్క్స్ అని వేరే సంస్థ పెట్టుకున్నారు. ఇవాళ ఆడి కార్ల వీపున వెలిగే పలకలు వాళ్ళు చేసిస్తున్నవే.

కార్లకి ఎక్కింది 2016లో. ముందు బీఎండబ్ల్యూ వారి ఎం4 జీటీఎస్. ఆ రకం కార్లు కొన్ని వందలు మాత్రమే చేశారు. అదే ఏడు ఆడి టీటీ ఆర్‌ఎస్. 2020లో ఆడి క్యూ5 వచ్చేసరికి ఆ పలకల్ని ముక్కలు ముక్కలుగా విడివిడిగా వెలిగించడం నేర్చారు. 2024లో వచ్చిన క్యూ6 ఇ-ట్రాన్‌కి వెనకవైపు మొత్తం 360 ముక్కలు! మన దేశంలో 2022 జూలైలో ఆడి ఏ8 ఎల్ కొత్త రూపాన్ని ఓఎల్‌ఈడీ వెనక దీపాలతో తెచ్చినప్పుడు దాని ధర కోటీ ఇరవైతొమ్మిది లక్షల దగ్గర మొదలైంది. రిజిస్ట్రేషనూ, బీమా ఖర్చులూ వేరు.

ఇన్ని ముక్కలతో ఏం చేస్తారయ్యా అంటే, యజమాని తాళంచెవి జేబులో పెట్టుకుని దగ్గరికి వస్తే కారు దీపాలతో నాట్యం చేసి స్వాగతం చెబుతుంది. దిగి వెళ్ళిపోతూంటే వీడ్కోలు చెబుతుంది. దీపాల ముగ్గు ఏ రకంగా కావాలో, కొన్ని రకాల్లోంచి మీరే ఎంచుకోవచ్చు. ఆఫీసు నుంచి వచ్చిన భర్తకి భార్య అన్నిసార్లు ఎదురెళ్ళదు కదా, పాపం, కారన్నా వెళుతోంది!

వెటకారం అలా వుంచితే, ఆ ముక్కలకి ఒక మంచి పని కూడా నేర్పారు. అది దాచిపెట్టి తిడితే నాకే తప్పు. కారు ఆగి వున్నప్పుడు వెనకనుంచి మరో బండి రెండు మీటర్ల దగ్గరికి వస్తే ఆ ముక్కలన్నీ ఒక్కసారి వెలిగి 'ఇక్కడున్నాను, చూసుకో' అంటాయి. క్యూ6లో అయితే ప్రమాదం జరిగినా, బండి చెడి ఆగినా, ఆ దీపంలోనే హెచ్చరిక త్రికోణం కనబడుతుంది. అసలు వెనక దీపం పుట్టిందే ఇందుకు. మన వెనక వచ్చేవాడు మనకి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. అయినా వాడికి మనం కనబడాలి, వాడి కన్ను నొవ్వకూడదు. బండికి పెట్టిన దీపాల్లో మనకి మనం చూసుకోవడానికి వీల్లేనిది అదొక్కటే. పూర్తిగా ఎదుటివాడి సొత్తు. అలాంటి దాన్ని పట్టుకొచ్చి యజమాని హోదాకి గుర్తుగా అమ్ముతున్నారు. వాళ్ళ వ్యాపార భాషలో దానికి 'సిగ్నేచర్' అని పేరు కూడా పెట్టారు. దీపానికి సంతకమేమిటండీ!

సరే, వీపు చూశాం. ఇప్పుడు అదే కార్లని ఎదురుగా చూద్దాం.

హిమాయత్ సాగర్ దగ్గర రింగు రోడ్డుకి ఆనుకుని కింద సర్వీసు రోడ్డు వుంది. పెద్ద రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలని రానివ్వరు, నడిచేవాళ్ళనీ రానివ్వరు. 2023లో దానిమీద వేగం గంటకి 120 కిలోమీటర్లకి పెంచారు. కాబట్టి స్కూటీలూ, ఆటోలూ, సైకిళ్ళూ, ట్రాలీలూ, కాలినడక జనం అందరూ సర్వీసు రోడ్డే గతి అనుకోవాలి. ఆ పక్కనే 1908 మూసీ వరదల తరవాత కట్టించిన జంట జలాశయాల్లో రెండోది, 1927లో పూర్తయినది. గేట్లు ఎత్తిన రోజున ఆ సర్వీసు రోడ్డు కూడా మూసేస్తారు. వానలు తగ్గాక కట్ట దగ్గర సాయంత్రాలు జనం బాగానే చేరతారు. కుంపట్లో మక్క కంకులు కాల్చి అమ్మే ఒక పెద్దావిడని అక్కడే అడిగాను, చీకటి పడ్డాక ఇంటికెలా పోతావమ్మా అని.

"ఎట్ల వోతమమ్మా, నిలవడుకుంట వోత. గా లైటు కండ్లల్ల వడ్డదంటే రోడ్డు గనవడది, మనిషి గనవడడు. బండి వొయ్యేదాంక పక్కకు నిలవడ్త. ఒక్కటి వొయ్యిందంటే ఎనుక ఇంకోటొస్తది. మా చెల్లె కొడుకు గట్లనే సైకిల్ మీదికెళ్ళి మోరీల వడ్డడు."

ఆవిడ నడక మైలు కన్నా ఎక్కువ వుండదు. ఎన్నిసార్లు నిలబడాలో ఆవిడకే తెలియాలి.

కంటి సంగతి చెబుతాను వినండి. చీకట్లోకి వెళ్ళిన కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఆ సంపాదననంతా ఒక్క తీవ్రమైన వెలుగు లాగేసుకుంటుంది. మళ్ళీ దారి కనబడడానికి కొన్ని క్షణాలు పడుతుంది. కొన్ని క్షణాలేగా అనకండి. గంటకి 40 కిలోమీటర్ల మీద పోయే స్కూటీ మూడు సెకన్లలో 33 మీటర్లు పోతుంది. పైన రింగు రోడ్డు మీద 120లో పోయే కారు అదే మూడు సెకన్లలో వంద మీటర్లు పోతుంది. కళ్ళకి గంతలు కట్టుకుని వంద మీటర్లు!

అందులోనూ వయసు మీదపడిన కళ్ళ బాధ వేరు. ఇరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ళ కంటికి చేరేది మూడోవంతు మాత్రమే. పైగా లోపలి కటకం మసకబారుతున్న కొద్దీ వచ్చిన వెలుగు చెదిరిపోయి దృశ్యం మొత్తం తెల్లటి పొగలా అవుతుంది. శుక్లాలు మొదలైన అత్తగార్లనీ, అమ్మలనీ అడగండి. నీలం కలిసిన తెల్లటి దీపం పాత పసుపు దీపం కన్నా ఎక్కువ బాధపెడుతుంది. ఇవాళ్టి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ఆ తెలుపే. అదీకాక ఇదివరకు దోసెడంత గిన్నెలోంచి వచ్చే వెలుగు ఇప్పుడు అగ్గిపెట్టెంత సందులోంచి వస్తోంది. వెలుగు అంతే అయినా, చిన్నచోటులోంచి వస్తే కంటిలో సూదిలా దిగుతుంది.

ఈ మాట కంపెనీలకి తెలియదా? వెనక పలకలు చేసినవాళ్ళకి తెలియకుండా వుంటుందా! వెలుగుని పరిస్తే హాయిగా వుంటుంది, ఒక్కచోట కుక్కితే గుచ్చుకుంటుంది అన్న సూత్రం మీదేగా ఆ ఓఎల్‌ఈడీ అమ్ముకుంటున్నారు.

ఇక్కడ ఇంజనీర్లు నవ్వుతారు. 'అమ్మా, ఓఎల్‌ఈడీని ముందు పెట్టడం కుదరదు, దానికి దూరం కొట్టేంత జోరు లేదు' అంటారు. నిజమే. వెన్నెలతో వంద మీటర్ల రోడ్డు చూడలేం. పట్టుచీర కట్టుకుని ఇల్లు కడగమని నేను అనను. ముందు ఓఎల్‌ఈడీ పెట్టమని కాదు నా గొడవ. ముందు దీపానికి కూడా ఆ వెనక దీపం మీద పెట్టిన బుద్ధినీ, డబ్బునీ పెట్టండి అంటున్నాను. పెట్టారు, దానికి మేట్రిక్స్ దీపాలని పేరు, 2013లోనే ఆడి ఏ8కి వచ్చాయి. కెమెరా ఎదుటి బండిని కనిపెట్టి, ఆ బండి వున్నంత మేర వెలుగుని ఆర్పేస్తుంది. మిగతా రోడ్డు వెలుగుతూనే వుంటుంది. అద్భుతం! కాని ఆ కెమెరా ముఖ్యంగా వెతికేది ఎదుటి వాహనాల దీపాలని. అంటే దీపమున్నవాడి కన్నుకే మర్యాద. బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి దీపమెక్కడిది? పైగా ఈ మర్యాద కూడా పెద్ద కార్లలోనే.

పేదవాడికి మర్యాద చౌకగా చెయ్యడం మనకి చేతకాదా అంటే, ఒకప్పుడు చేతనయింది. మా చిన్నతనంలో లారీలకీ, అంబాసిడర్లకీ హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు పూసి వుండేది. కుంచె, అర్ధణా రంగు! లారీల వీపున 'రాత్రిపూట డిప్పర్ వాడండి' అని ఇంగ్లీషులో రాయించేవారు, ఇప్పటికీ రాయిస్తున్నారు. ఎదురుపడిన డ్రైవర్లు ఒకరికొకరు దీపం దించి మర్యాద చేసుకునేవారు. చదువులేనివాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. ఇప్పుడు చదువుకున్న మన పిల్లలు 'డిమ్' వేస్తే చిన్నతనం అనుకుంటున్నారు.

చట్టం లేదా అంటే వుంది, భేషుగ్గా వుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ఏమంటుందో తెలుసా? ముందు దీపపు వెలుగు కిందికి వంచి వుండాలి. దీపానికి ఎనిమిది మీటర్ల దూరంలో, నేలకి మీటరున్నర ఎత్తులో వున్న కన్ను చెదరకూడదు. మీటరున్నర అంటే ఎంతో ఒక్కసారి గోడ పక్కన నిలబడి కొలుచుకోండి. అది మన ఆడవాళ్ళ కన్ను వుండే ఎత్తుకి బాగా దగ్గర! ఆ నియమం రాసినాయన ఎవరో గాని, కంకుల అవ్వ కళ్ళ ముందే టేపు పట్టుకుని రాశాడా అనిపిస్తుంది.

మరి ఆ టేపు ఇప్పుడెవరి దగ్గరుంది? హిమాయత్ సాగర్ దగ్గరే రాష్ట్ర పోలీసు అకాడమీ వుంది. పక్క కూడలిని జనం ఇప్పటికీ దాని పాత పేరుతోనే 'అప్పా జంక్షన్' అంటారు. రోడ్డు మీద తనిఖీలు జరుగుతాయి. కాగితాలు చూస్తారు, సారాయి వాసన చూస్తారు, హెల్మెట్ చూస్తారు, అన్నీ చూడవలసినవే. ఎనిమిది మీటర్ల దూరంలో నిలబడి దీపం చూసిన తనిఖీ మాత్రం నా కంటపడలేదు. చెయ్యాలనుకుంటే ప్రభుత్వం చెయ్యలేనిదేమీ కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త స్కూటర్లన్నిటికీ పగలూ రాత్రీ ముందు దీపం వెలుగుతూనే వుండాలన్నారు. మొదట్లో రోడ్డున పోయే ప్రతివాళ్ళూ మనకేసి పిడికిలి మూసి తెరిచి 'లైటు, లైటు' అని సైగలు చేసేవారు, గుర్తుందా? ఇప్పుడెవరూ చెయ్యరు. ఒక్క ఉత్తర్వుతో దేశం మొత్తం స్కూటర్ల మీటే మాయమైంది. బ్రిటన్‌లో జనం గోల పెడితే అక్కడి ప్రభుత్వం 2024లో ఈ మిరుమిట్ల మీద ప్రత్యేకంగా పరిశోధన చేయించింది. మనం గోల పెట్టం. తల తిప్పుకుంటాం.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో ముప్ఫై రెండు వేలకు పైగా నడిచిపోతున్నవాళ్ళు. అన్నీ దీపాలవల్లనే అని నేను అనడం లేదు. కాని రోజు మొత్తంలో ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిలోపు. దీపాలు పెట్టేవేళ!

ఇక వెనక దీపం సంగతికి మళ్ళీ వస్తాను, అక్కడే నా కడుపు మంట. వెనక ఎర్రదీపం 155 మీటర్ల దూరానికి కనబడాలని అదే నియమాల్లో వుంది. శంషాబాద్ దాటాక మామూలు రోడ్ల మీద రాత్రిపూట చెడి ఆగిన లారీ వెనక ఏముంటుందో మీకు తెలుసు. నాలుగు బండరాళ్ళు, రెండు చెట్టు కొమ్మలు! ఇటుకల ట్రాలీకి, గడ్డి ట్రాక్టరుకి అదీ వుండదు. ఒక కారు వీపున 360 వెలుగు ముక్కలు, త్రికోణం గీసి మరీ చూపిస్తాయి. ఇంకో బండి వీపున వేపకొమ్మ. ఆ మొదటి కారే వెళ్ళి ఈ రెండో బండిని గుద్దుకుంటే 360 ముక్కలూ ఎవరిని కాపాడతాయి? ఆ కారులోవాళ్ళకోసమైనా ట్రాక్టరుకి దీపముండాలి కదా. దానికి ఓఎల్‌ఈడీ అక్కర్లేదు. వెలుగు పడితే తిరిగి మెరిసే ఎర్రపట్టీ చాలు, అది పెట్టాలనీ నియమముంది. అంటించి వుందా లేదా చూసేవాళ్ళు కావాలి.

ఇందులో మన పాత్ర ఏమిటంటే, చాలానే వుంది. కాలేజీకి వెళ్ళే అబ్బాయి ఎక్కడో రెండు వేలు పెట్టి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు తెచ్చి పాతకారుకి బిగిస్తానంటే 'బాగా కనబడుతుందిట, పోనీలెండి' అని ఆయనకి సిఫార్సు చేసేది మనమే. ఆ దీపపు గిన్నె వంపు హాలోజన్ బల్బులో తీగ ఎక్కడుంటుందో లెక్కగట్టి చేసింది. ఇంకో రకం బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద కాక చెట్ల మీదా, ఎదుటివాళ్ళ మొహాల మీదా పడుతుంది. కారులో కూర్చున్నవాడికి అంతా తెల్లగా కనబడి మురిసిపోతాడు. ఒక్క రాత్రి ఆ అబ్బాయిని ఎనిమిది మీటర్ల దూరంలో నిలబెట్టి, తాళం మీరు తిప్పండి.

మరొకటి. చాలా కార్లలో స్టీరింగు పక్కన సున్నా నుంచి మూడు దాకా అంకెలు వేసిన చిన్న చక్రం వుంటుంది. దీపపు వెలుగుని పైకీ కిందికీ వంచేది అదే. సంక్రాంతికి వూరెళ్ళి వస్తూ డిక్కీలో బియ్యం బస్తా, నువ్వుల నూనె డబ్బా, కొబ్బరికాయలు, వెనక సీట్లో ముగ్గురు మనుషులు ఎక్కితే వెనక దిగి ముందు లేస్తుంది. దాంతో దీపమూ లేచి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. అప్పుడు ఆ చక్రాన్ని సున్నా నుంచి రెండుకో మూడుకో తిప్పాలి. డిక్కీలో ఏమున్నాయో ఆయనకన్నా మనకే బాగా తెలుసు కాబట్టి, ఆ చక్రం పెత్తనం మనం తీసుకుంటే మంచిది.

మా బంధువుల అమ్మాయి కారు కొంటానంటే మొన్న తోడు వెళ్ళాను. షోరూం కుర్రాడు వెనక దీపాల పట్టీ ఎన్ని రకాలుగా వెలుగుతుందో పది నిమిషాలు చూపించాడు. అంతా అయ్యాక, "బాబూ, హెడ్‌లైటు కిందికి దించే చక్రం ఎక్కడుంది?" అన్నాను. అతను స్టీరింగు కిందా పైనా వెతికి, మడతల పుస్తకం తిరగేసి, లోపలికి వెళ్ళి మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు. ఆ మెకానిక్ కూర్చోకుండానే చెయ్యి చాచి ఎడంవేలితో దాన్ని తిప్పి చూపించాడు. ఎదుటి గోడ మీద వెలుగు జానెడు కిందికి జారింది.

"ఇది అడిగినోళ్ళు లేరు మేడమ్" అన్నాడు కుర్రాడు, కొత్తవస్తువు చూసినట్టు చూస్తూ.